మా షాలేం తల కోసం ఒక మనవి

నోవై, మిషిగన్
11 ఫిబ్రవరి 2001

జ్యోతికి,

అన్నయ్య రాస్తున్నది. మీ వదిన జోసఫిన్, నేను క్షేమం. నిన్న నువ్వు ఫోన్లో చెప్పింది మీ వదిన విని, నాకు కాగితం మీద రాసి చూపించింది. ఇరవై రెండేళ్ళుగా రేకులు గుద్దే ప్రెస్సుల పక్కన నిలబడ్డ చెవులు నావి. ఫోన్ పెట్టుకుంటే తుమ్మెద ఝుమ్మన్నట్టు ఉంటుంది తప్ప మాట తెలియదు. కంప్యూటర్లో తెలుగు కొట్టడం నాకు రాదు. కాబట్టి ఇక నువ్వు కూడా ఉత్తరమే రాయి. మన దస్తూరీ కోసం నాన్న విరగ్గొట్టిన బెత్తాలు వృథా కాకూడదు.

మీ వదిన రాసింది ఇదీ: "షాలేం రాజుకి కాలేజీ సీటు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడటానికి." కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఆ ఆటలో వాడు చేసే పని ఏమిటని అడిగితే, "వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి విసరడం" అని రాసింది. నన్ను ఆట పట్టిస్తోందనుకుని కోప్పడ్డాను కూడా. తర్వాత ఆవిడ ముఖం చూస్తే నిజమేనని తెలిసింది.

బావ పోయిన రోజున వాడికి పదేళ్ళు. సమాధుల తోటలో నా వేలు పట్టుకుని వదల్లేదు. మాకు పిల్లలు లేరు, వాడే ఉన్నాడని ఆ రోజే అనుకున్నాం. నా ఒళ్ళో కూర్చుని నాలుగేళ్ళకే ప్రభువు ప్రార్థన మొత్తం ఒక్క తప్పు లేకుండా చెప్పిన పిల్లాడు. అలాంటి తలను తీసుకెళ్ళి కుమ్ముకునే పొట్టేళ్ళ మధ్య పెడతావా? నువ్వు నర్సువి, నీకు నేను చెప్పాలా?

ఇక్కడ వాకిట్లో మోకాలి లోతు మంచు. పార పట్టుకునే ఓపిక ఈ వార్తతో పోయింది.

కోపంతోనే, ప్రేమతో కూడా,
అన్నయ్య

—

కమ్మింగ్, జార్జియా
25 ఫిబ్రవరి 2001

అన్నయ్యా,

నీ ఉత్తరం హాస్పిటల్ లంచ్ టైమ్‌లో చదివాను. పక్కనున్న నర్సు ఎందుకు నవ్వుతున్నావని అడిగితే, పొట్టేళ్ళకు ఇంగ్లీషు ఏమిటో వెంటనే తట్టలేదు.

వాడి పని చేసేవాణ్ణి లాంగ్ స్నాపర్ అంటారు. బంతిని తన్నే మనిషి పదిహేను గజాల వెనక నిలబడతాడు. మనవాడు తల కిందికి వంచి, కాళ్ళ మధ్య నుంచి చూస్తూ, ముప్పావు సెకనులో బంతి అతని చేతుల్లో పడేట్టు విసరాలి. పెరట్లో పాత పరుపు నిలబెట్టి రోజుకి నూటయాభై సార్లు విసురుతాడు. స్టాప్‌వాచ్ పట్టుకునేది నేనే. రెండేళ్ళలో ఆ పరుపులో ఒకే చోట గుంట పడింది. అంత గురి ఉంది వాడికి.

నీ భయం నాకు లేదనుకోకు. కానీ మీ బావ పోయాక వాడు రెండేళ్ళు సరిగా మాట్లాడలేదు. మళ్ళీ నోరు విప్పి నవ్వింది ఆ పిల్లల మధ్యే. దాన్ని నేను లాక్కోలేను. ఇంజనీరింగ్ కూడా చదువుతానని మాటిచ్చాడు. మేనమామ పోలిక కదా, మాట మీద నిలబడతాడు.

మంచు ఎత్తడానికి పక్కింటి వాళ్ళను పిలువు. నడుం పట్టేస్తుంది.

జ్యోతి

—

కమ్మింగ్
2 మే 2005

అన్నయ్యకు, వదినకు,

కూర్చుని చదవండి. షాలేంని పెద్ద లీగ్‌లోకి పిలిచారు.

రెండు రోజులు టీవీ ముందు కూర్చున్నాం. టీమ్‌లన్నీ ఒక్కొక్క పేరు పిలుచుకుంటూ పోయాయి. మనవాడి పేరు రాలేదు. ఆదివారం సాయంత్రానికి అంతా అయిపోయింది. నేను లేచి చారు పెడుతున్నాను, ఏడుపు కనిపించకుండా. అప్పుడు ఫోన్ మోగింది. ఒక టీమ్ వాళ్ళు, ట్రైనింగ్‌కి వచ్చి నిరూపించుకోమన్నారు. ఇంజనీరింగ్ పట్టా వచ్చింది, గోడ మీద ఉంది. వాడు మాత్రం బట్టలు సర్దుకుంటున్నాడు. నాకింకా నమ్మకం కుదరడం లేదు.

నిన్న మా తెలుగు చర్చి ఫెలోషిప్‌లో సాక్ష్యం చెప్పాను. ఆ స్నాపర్ అంటే ఏమిటమ్మా అని పాస్టర్ గారు అడిగారు. చెబితే ఎవరికీ అర్థం కాలేదు. చివరికి చీర కుచ్చెళ్ళు పట్టుకుని వంగి చూపించాను. నిన్నటి ప్రసంగం ఎవరికీ గుర్తుండి ఉండదు.

మీరిద్దరూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

జ్యోతి

—

నోవై
10 అక్టోబర్ 2005

స్నాపర్ గారి అమ్మగారికి,

నిలబడ్డాడు. జట్టులో చోటు సంపాదించాడు. నీ మాటే నెగ్గింది, నేను ఒప్పుకుంటున్నాను. ఈ ఉత్తరం దాచుకో, మళ్ళీ ఒప్పుకోను.

నిన్న మా ఫ్యాక్టరీ వాళ్ళను ఇంటికి పిలిచి టీవీ పెట్టాను. మూడు గంటల ఆటలో మనవాడు ఎనిమిదిసార్లు కనిపించాడు, ఎనిమిదిసార్లూ వీపే. వాడు నా మేనల్లుడని చెబితే, ముఖం చూపించు అప్పుడు నమ్ముతాం అన్నారు. మీ వదిన వాడి చిన్నప్పటి ఫోటోలు తెచ్చి పంచింది. ఫోటోలోనూ టీవీలోనూ కాళ్ళు ఒక్కటేనని ఆవిడ వాదన.

ఈ పనిలో విచిత్రం ఏమిటంటే, బాగా చేసినంత కాలం ఎవరికీ పేరు తెలియదు. ఒక్కటి తప్పితే దేశమంతా పేరు చెప్పుకుంటుంది. ఇంకోటి కూడా గమనించాను. వాడు విసిరి తల ఎత్తేలోపే ఎదుటివాడు వచ్చి ఆ తలకే గుద్దుతున్నాడు. ప్రతిసారీ. చూస్తుంటే నా పళ్ళు జివ్వుమన్నాయి. మిగతావాళ్ళు పకోడీలు తింటూనే ఉన్నారు.

అన్నయ్య

—

నోవై
29 నవంబర్ 2008, శనివారం

జ్యోతీ,

నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు ఇది చదువు.

గురువారం థ్యాంక్స్‌గివింగ్ ఆటకు షాలేం టీమ్ డెట్రాయిట్ వచ్చింది కదా. వాడు పంపిన టికెట్లతో మేమిద్దరం వెళ్ళాం. మూడో భాగంలో వాడు విసిరాక ఇద్దరు వచ్చి మీద పడ్డారు. లేచాడు, దులుపుకున్నాడు. నెమ్మదిగా నడుచుకుంటూ ఎదుటి జట్టు వాళ్ళ వైపు వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డాడు. వాళ్ళలో ఒకడు భుజాలు పట్టి ఇటు తిప్పి పంపించాడు. జనం నవ్వారు. మేమూ నవ్వాం. అది తలచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేస్తోంది.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు, ఉదయం దాకా సెలవు దొరికిందట. మీ వదిన కోడి పలావు, గోంగూర చేసింది. భోజనం ముందు ప్రార్థన ఎప్పటిలా వాడే మొదలుపెట్టాడు, వినపడదు కనుక నేను వాడి పెదాలు చూస్తున్నాను. అనుదినాహారం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. పెదాల మీంచి చూపు పైకెత్తాను. వాడి కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి.

"మామయ్యా, నెక్స్ట్ ఏంటి?" అన్నాడు.

నాలుగేళ్ళ వయసులో తప్పు లేకుండా చెప్పిన ప్రార్థన, జ్యోతీ. మీ వదినే అందుకుని పూర్తి చేసింది. తర్వాత చేతులు కడుక్కోవడానికి లేచి, పదిహేనేళ్ళుగా తెలిసిన ఇంట్లో, కోట్లు తగిలించే అర తలుపు తీసి లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

గట్టిగా అడిగితే చెప్పాడు. ఇది మొదటిసారి కాదట. తలనొప్పి రెండేళ్ళుగా ఉందట. డాక్టర్ల దగ్గర నవ్వుతూ తప్పించుకుంటున్నాడు. "ఎవరికీ చెప్పొద్దు మామయ్యా. చెప్తే పంపించేస్తారు. నాకు ఇదొక్కటే వచ్చు," అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పనన్నాను.

రేపు ఆదివారం. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే.

అన్నయ్య

—

కమ్మింగ్
3 డిసెంబర్ 2008

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగుసార్లు చదివాను.

ఒక్కటే అడుగుతున్నాను. దయచేసి ఇది ఎవరికీ చెప్పకు. మీ ఫెలోషిప్‌లో అసలే వద్దు. నువ్వు, వదిన, నేను. అంతే. వాడి నోటి నుంచి తప్ప ఇంకెవరి నోటి నుంచీ ఇది బయటికి రాకూడదు. నేను వాడితో మాట్లాడతాను.

జ్యోతి

—

నోవై
6 డిసెంబర్ 2008

జ్యోతీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆలస్యమైపోయింది.

ఆదివారమే ఫెలోషిప్‌లో లేచి నిలబడ్డాను. పేరు చెప్పలేదు. "నా మేనల్లుడి తల కోసం ప్రార్థన చేయండి, దెబ్బలు తగిలి సంగతులు మరిచిపోతున్నాడు," అన్నాను. అందరూ మోకరించి ప్రార్థించారు, కొందరు ఏడ్చారు. నా మనసు కాస్త తేలికపడింది. కానీ నాకున్న మేనల్లుడు ఒక్కడేనని, వాడేం చేస్తాడో ఇక్కడ అందరికీ తెలుసునని ఆ క్షణంలో తట్టలేదు.

ఉజ్వల అని ఎమ్మెస్ చదివే అమ్మాయి ఉంది. ప్రతివారం ప్రార్థన మనవులన్నీ టైప్ చేసి, శనివారం ఉదయం ఈమెయిల్ లిస్ట్‌లో పంపిస్తుంది. ఈ రోజు లిస్ట్ వచ్చింది. మీ వదిన తెరిచి చూపించింది. నాలుగో మనవి మనదే. ఆ అమ్మాయి మంచికే పోయి "సహోదరుడు షాలేం రాజు" అని పేరు కూడా చేర్చింది. లిస్ట్‌లో మూడు వందల నలభై మంది ఉన్నారట. మిషిగన్ వాళ్ళు, పై రాష్ట్రాల వాళ్ళు, ఎవరెవరో.

వెనక్కి తీసుకోవచ్చా అని మీ వదినను అడిగాను. ఈమెయిల్ వెనక్కి రాదంది.

అన్నయ్య

—

కమ్మింగ్
15 డిసెంబర్ 2008

అన్నయ్యకు,

మంగళవారం షాలేంని టీమ్ డాక్టర్లు పిలిపించారు. రెండు రోజులు పరీక్షలు చేశారు. గురువారం చెప్పేశారు. ఈ సీజన్‌కి పక్కన పెట్టారు. వచ్చే సీజన్ ఉండదని కూడా అర్థమయ్యేట్టే చెప్పారట. రిపోర్టు చూశాక వేరే టీమ్ కూడా తీసుకోదు. ఇరవై అయిదేళ్ళకు వాడి ఆట అయిపోయింది.

ఎలా తెలిసిందని వాడు డాక్టర్ని అడిగాడట. మీ కుటుంబం నుంచి కబురు వచ్చిందని మాత్రం అన్నాడట ఆయన. అదే వారం వాడి ఫ్రెండ్ ఒకడు మీ ఫెలోషిప్ ఈమెయిల్ వాడికి పంపించి, ఇది నీ గురించేనా అని అడిగాడు. వాడు రెండూ కలిపి చూసుకున్నాడు.

మామయ్యే అంటున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖం చూడలేకపోయాను. నేనేమీ చెప్పలేకపోయాను.

నీకు ఫోన్ చేయడు. నువ్వు కూడా కొన్నాళ్ళు ఏమీ రాయకు.

జ్యోతి

—

నోవై
18 జనవరి 2009

జ్యోతీ,

రాయకుండా ఉండలేకపోయాను. షాలేంకి ఒక ఉత్తరం రాస్తే తెరవకుండా తిరిగొచ్చింది. కవరు మీద వాడి దస్తూరీలో మా అడ్రస్ చూసి, జవాబు రాశాడని ఒక్క నిమిషం సంతోషపడ్డాను కూడా.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను చేసిన వైద్యం అదే. నా చేతులు పట్టుకుని అడిగాడు. నేను మాటిచ్చాను. మూడు రోజులు కూడా నిలబెట్టుకోలేదు. ప్రార్థనే కదా, దేవుడికే కదా చెబుతున్నాను అనుకున్నాను. వింటున్నది దేవుడొక్కడే కాదని అరవై ఏళ్ళ వాడికి తెలియాలి.

ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇక ఫెలోషిప్‌లో నోరు విప్పను. వెళ్తాను, వెనక వరసలో కూర్చుంటాను, వస్తాను. సాక్ష్యం లేదు, మనవి లేదు. నా వాళ్ళ సంగతి నా నోటి నుంచి ఇంకెప్పుడూ బయటికి రాదు. వాడికి చెప్పగలిగితే ఈ మాట చెప్పు.

క్షమాపణతో,
అన్నయ్య

—

కమ్మింగ్
19 సెప్టెంబర్ 2010

అన్నయ్యా,

మంచి వార్త. ఏడాదిన్నర మంచం మీద పడుకుని పైకప్పు చూసిన మనిషి లేచాడు. ఇక్కడి హైస్కూల్లో అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. స్నాపర్లను తయారుచేసే పని. పెరట్లో పరుపు మళ్ళీ నిలబెట్టాం, పిల్లలు వచ్చి విసురుతుంటే వాడు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూస్తాడు. తలనొప్పులు తగ్గాయి. మొన్న ప్రభువు ప్రార్థన మొత్తం చెప్పాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

నీ పేరు ఎత్తితే మాత్రం లేచి వెళ్ళిపోతాడు. నేను ఏమీ అనను. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ క్షమాపణ అడగడం మానెయ్యి అన్నయ్యా. చదవలేకపోతున్నాను.

జ్యోతి

—

కమ్మింగ్
15 ఏప్రిల్ 2012

అన్నయ్యా,

ఇంటికి చేరాను. సూట్‌కేసు ఇంకా విప్పలేదు.

వదిన పోయిందని మీ పక్కింటావిడ ఫోన్ చేసినప్పుడు, ఎవరో పొరపాటున చేశారనుకున్నాను. అయిదు నెలల నుంచి కడుపులో క్యాన్సర్ అట. నాకు నువ్వు రాసిన మూడు ఉత్తరాల్లోనూ "మీ వదినకు కాస్త నలతగా ఉంది" అని ఉంది. నేను నర్సుని. వచ్చి పక్కన కూర్చునేదాన్ని.

సమాధి దగ్గర మీ ఫెలోషిప్ వాళ్ళు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి అడిగారు, మాకెందుకు చెప్పలేదమ్మా అని. పాస్టర్ గారికి కూడా చివరి రోజు దాకా తెలియదట. ఉజ్వల వెక్కివెక్కి ఏడ్చింది. ఎందుకిలా చేశావు?

షాలేం రాలేదని నీకు కష్టంగా ఉంటుంది. వస్తానని బయల్దేరాడు, ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మీ ఫెలోషిప్ లిస్ట్‌లో తన ఈమెయిల్ చేర్పించుకున్నాడట. ఈసారి మామయ్యకు ఏదైనా అయితే ఆలస్యంగా తెలియకూడదని అన్నాడు. ఆ లిస్ట్‌లో నీ పేరే రాదని వాడికి తెలియదు.

జ్యోతి

—

నోవై
29 ఏప్రిల్ 2012

జ్యోతీ,

ఎందుకిలా చేశావని అడిగావు. నోరు విప్పనని రాసి పంపాను కదా, మరిచిపోయావా? నా నోటి నుంచి ఒక్క మనవి వెళ్ళినందుకు ఒక పిల్లాడి బతుకు ఆగిపోయింది. మళ్ళీ ఆ నోటితోనే జోసఫిన్ పేరు ఎలా చెప్పను? నీకు చెబితే వాడికి చెబుతావు, జాలిపడి వస్తాడు. జాలితో రావడం నాకు ఇష్టం లేదు.

ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకు తెలియదు. చెవుడు ఉన్నందుకు ఇప్పుడొక ప్రయోజనం.

అన్నయ్య

—

కమ్మింగ్
26 అక్టోబర్ 2015

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడేళ్ళ కిందటే రాయాల్సింది. నిజానికి ఏడేళ్ళ కిందట.

షాలేం ఇప్పుడు హెడ్ కోచ్ అని రాశాను కదా. శుక్రవారం పెద్ద ఆట. వాడి దగ్గర పదిహేడేళ్ళ స్నాపర్ ఒకడున్నాడు. వాణ్ణి చూడ్డానికే కాలేజీ వాళ్ళు వచ్చారట. రెండో భాగంలో ఆ పిల్లాడి తలకు దెబ్బ తగిలింది. బాగానే ఉన్నానన్నాడు. షాలేం నెలల పేర్లు వెనక నుంచి చెప్పమన్నాడు. డిసెంబర్, నవంబర్ అని ఆగిపోయాడు. షాలేం వాడి హెల్మెట్ తీసుకెళ్ళి తన కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. ఆట ఓడిపోయారు. ఆ పిల్లాడి తల్లి అందరి ముందూ, నా కొడుకు భవిష్యత్తు తొక్కేశావని షాలేంని తిట్టింది. వాడు తల వంచుకుని నిలబడ్డాడు.

మర్నాడు వచ్చి నా వంటింట్లో కూర్చున్నాడు. ఇలా అన్నాడు: "అమ్మా, నేను మామయ్య మీద సెవెన్ ఇయర్స్ కోపం పెట్టుకున్నా. నిన్న నేనూ అదే చేశాను. మామయ్య అప్పుడు చెప్పకపోతే, నేను ఇప్పుడు ఇలా కూర్చుని నీతో మాట్లాడేవాణ్ణి కాదు కదా. థ్యాంక్స్‌గివింగ్‌కి నోవై వెళ్దాం. నేను మామయ్య కాళ్ళు పట్టుకోవాలి."

అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. కాబట్టి ముందు నీకు రాస్తున్నాను.

డాక్టర్‌కి చెప్పింది నువ్వు కాదు. మీ లిస్ట్ కాదు. నేను.

ఎవరికీ చెప్పకని నీకు రాసిన రెండో రోజు, శుక్రవారం, షాలేంకి ఫోన్ చేసి ఇటూ అటూ మాట్లాడి, మన పాత ఇల్లు ఏ వీధిలో అని అడిగాను. చెప్పలేక ఫోన్ పెట్టేశాడు. అదే గంటలో టీమ్ డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. తల్లిని, నర్సుని అని చెప్పుకున్నాను, నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. ఎవరు చెప్పారో నా కొడుక్కి తెలియకూడదని బతిమాలాను. నీ నోరు కట్టెయ్యాలనుకున్నదీ అందుకే. చెప్పాల్సింది నేను ఒక్కదాన్నే, గుట్టుగా, అనుకున్నాను.

తర్వాత మంగళవారం నీ ఉత్తరం వచ్చింది, లిస్ట్‌లో పేరు పడిందని. అదే వారం వాడు వచ్చి, మామయ్యే అన్నాడు. కాదు అని ఒక్క మాట అనాలి. అనలేదు. వాడు నన్ను కూడా వదిలేస్తే నాకెవరూ లేరు. నీకు వదిన ఉందిలే, నువ్వు తట్టుకుంటావు అనుకున్నాను. అవును, సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను.

ఆ వదినను నువ్వు ఒక్క మనవి లేకుండా సాగనంపావు. సమాధి దగ్గర వాళ్ళు నన్ను ఎందుకు చెప్పలేదని అడుగుతుంటే, జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకిలా చేశావని ఇంటికొచ్చి నీకే రాశాను. నా అంత మనిషి ఉంటుందా?

వాడికి ఇంకా చెప్పలేదు. థ్యాంక్స్‌గివింగ్ దగ్గరికొస్తోంది. ఏం చెయ్యమంటావు?

జ్యోతి

—

నోవై
8 నవంబర్ 2015, ఆదివారం

జ్యోతికి,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. మడిచి జోసఫిన్ కుట్టుపెట్టెలో పెట్టాను. రోజూ తీసి చదివి మళ్ళీ అక్కడే పెడుతున్నాను. మొదటి మూడు రోజులు నాకు కోపం కూడా రాలేదు. మనిషికి దెబ్బ తగిలిన వెంటనే నొప్పి తెలియదంటారే, అలా ఉండిపోయాను. తర్వాత వచ్చింది.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను, నువ్వు కూడా మోయాలి. చివరి వారంలో జోసఫిన్ నా చేతిలోంచి కలం తీసుకుని కాగితం మీద రాసింది: "ఒక్కసారి మన వాళ్ళకి చెప్పండి. వచ్చి నాలుగు పాటలు పాడితే వినాలని ఉంది." నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ పాటలు నువ్వు తెచ్చివ్వలేవు. అందుకు నిన్ను క్షమించలేదు. ఎప్పుడు క్షమిస్తానో నాకే తెలియదు. నాకు చెప్పకపోయినా పోనీ, ఆవిడ ముఖం చూసైనా చెప్పి ఉండాల్సింది.

కానీ పిల్లాడి విషయంలో నువ్వు చేసింది నేను చెయ్యాల్సిన పని. ఆ రాత్రి నేను మాటకు కట్టుబడి, డాక్టర్‌కి చెప్పకుండా, దేవుడి మీద వేసి ఊరుకున్నాను. ఫోన్ తీసింది నువ్వు. వాడి తల నిలిచింది నీ వల్ల. వాడు వచ్చి నా కాళ్ళు పట్టుకుంటే నేను ఆ కాళ్ళను ఎక్కడ పెట్టుకోను? నాది కాని నింద ఏడేళ్ళు మోశాను. నాది కాని కృతజ్ఞత ఒక్కరోజు కూడా మోయలేను.

ఏం చెయ్యమంటావని అడిగావు. చేశాను.

ఈ రోజు ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడ్డాను. పాస్టర్ గారు నేను బయటికి వెళ్ళడానికి లేచాననుకుని దారి ఇమ్మని పక్కవాళ్ళకు సైగ చేశారు. నేను కదల్లేదు. "నా చెల్లెలు తన కొడుక్కి ఒక నిజం చెప్పాలి. ఆమె ధైర్యం కోసం ప్రార్థన చేయండి," అన్నాను. ఏడేళ్ళ తర్వాత నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఎంత గట్టిగా అరిచానో ఏమో. అందరూ మోకరించారు. తర్వాత ఒక పాట ఎత్తుకున్నారు. నాకు వినపడదు కదా, పెదాలు చూస్తూ నిలబడ్డాను. జోసఫిన్‌కి ఇష్టమైన పాటే అనుకుంటాను.

ఉజ్వలకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. లిస్ట్ మాత్రం ఇంకా తనే పంపిస్తుంది. నా దగ్గరికి వచ్చి, భయం భయంగా, కాగితం మీద రాసి అడిగింది: "అంకుల్, లిస్ట్‌లో పెట్టనా?"

పెట్టమన్నాను. నా పేరుతోనే పెట్టమన్నాను.

రేపు పొద్దున్నే ఇది పోస్ట్ చేస్తాను. గురువారానికి నీకు అందుతుంది. థ్యాంక్స్‌గివింగ్‌కి ఇద్దరూ రండి, పలావు నేనే చేస్తాను, జోసఫిన్ చేసినంత బాగుండదు. భోజనం ముందు ప్రార్థన వాడే చెప్పాలి.

షాలేం ఈమెయిల్ ఆ లిస్ట్‌లో ఉందని నువ్వే రాశావు. లిస్ట్ శనివారం ఉదయం వెళ్తుంది.

అన్నయ్య